నలభై దాటాక పరుగు మొదలుపెట్టాను: ఇష్టం, ధైర్యం ఎలా కుదురుకుంటాయి?

ప్రశ్న (రాయగడ, బ్యాంకు ఉద్యోగి)

అందరికీ నమస్కారం. నేను ఒడిశాలోని రాయగడలో ఒక బ్యాంకు శాఖలో పనిచేస్తున్నాను. వయస్సు నలభై దాటింది. రోజంతా కూర్చుని చేసే పని. ఉదయం తొమ్మిదిన్నరకు ఇల్లు వదిలితే నెలాఖరు రోజుల్లో తిరిగి చేరేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. కిందటి వర్షాకాలం ముగిశాక పరుగు మొదలుపెట్టాను. నాకు పతకాల మీద ఆశ లేదు, ఎవరినీ గెలవాలని కూడా లేదు. ఆరోగ్యం ఎలాగూ బాగుపడుతుంది కానీ, అంతకుమించి పరుగును ఇష్టంగా చేసుకోగలగాలని నా కోరిక. అదే కుదరడం లేదు.

వీధి మలుపు దాటి కాస్త దూరం వెళ్లేసరికే నాకు ఆయాసం వస్తుంది. ఫోనులోని యాప్ కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలు పట్టిందని చూపిస్తుంది. దానిని ఎనిమిదికి తేవాలని గట్టిగా ప్రయత్నించిన మరునాడు మళ్లీ బయలుదేరడానికి మనసు ఒప్పుకోదు. ఇంకొక ఇబ్బంది నలుగురి చూపు. నేను వెళ్లే మైదానంలో పోలీసు ఉద్యోగాలకూ, సైన్యంలో అగ్నివీర్ ఎంపికకూ సిద్ధమవుతున్న కుర్రవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు చెడ్డవాళ్లేమీ కారు, దాదాపు అందరూ నమస్కారం పెడతారు. అయినా నేను ఒక చుట్టు పూర్తి చేసేలోగా వాళ్లు నన్ను దాటి వెళ్లిపోతూ ఉంటే, ఇక్కడ నాకు చోటు లేదేమో అనిపిస్తుంది. పోనీ రోడ్డు మీదికి వెళదామంటే జేకేపూర్ వైపు లారీల రద్దీ ఎక్కువ.

ఉద్యోగం, సంసారం మధ్య పరుగును నిలుపుకొన్నవారు ఈ రెండు ఇబ్బందులనూ ఎలా దాటారో వివరంగా చెప్పగలరా? పరుగులో ఆనందం మొదటినుంచీ ఉండేదా, లేక కొంతకాలానికి వస్తుందా?

మొదటి జవాబు (పర్లాకిమిడి, విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు)

బాబూ, మీరు రాసినది చదివాక నాకు అర్థమైనది ఒక్కటే: మీ వేగం మీ ఊపిరికి మించి ఉంది. మీరు నెమ్మదిగా పరుగెత్తుతున్నారని అనుకుంటున్నారు, కానీ ఈరోజు మీ శరీరానికి అది వేగమే. ఎనిమిదిన్నర నిమిషాలన్న అంకె తక్కువా ఎక్కువా అన్నది దానంతట అది ఏమీ చెప్పదు. ఆ వేగంలో మీరు మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నదే చూసుకోవాలి. చిన్నప్పుడు బడిలో కంఠస్థం చేసిన ఆటవెలది పద్యం ఒకటి మీకు గుర్తుండే ఉంటుంది. పరుగెత్తుతూ దానిని పైకి చెప్పండి. పాదం మధ్యలో ఊపిరి తెగిపోకుండా నాలుగు పాదాలూ చెప్పగలిగితే ఆ వేగం మీకు సరైనది. రెండు మాటలకు ఒకసారి రొప్పవలసి వస్తే తగ్గించండి. తగ్గించి తగ్గించి నడకకు వస్తే నడవండి, ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ పరుగు అందుకోండి.

ఇది ఓదార్పు కోసం చెబుతున్న మాట కాదు. ఊపిరి అందే వేగంతో ఎక్కువసేపు పరుగెత్తినప్పుడు కండరకణాలలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు పెరుగుతాయి, కండరాలకు రక్తాన్ని చేర్చే సన్నని కేశనాళికలు విస్తరిస్తాయి, గుండె ఒక్కో స్పందనకు పంపగల రక్తం పరిమాణం ఎక్కువవుతుంది. ఆయాసపడుతూ పది నిమిషాల్లో ఆగిపోయేవారికి ఈ మార్పులకు కావలసినంత సమయమే దొరకదు. నార్వేలో పనిచేస్తున్న స్టీఫెన్ సైలర్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త ప్రపంచస్థాయి రోయింగ్, స్కీయింగ్, పరుగు క్రీడాకారుల సాధనను పరిశీలించి, వారి సాధనలో దాదాపు 80 శాతం ఇటువంటి తేలికైన వేగంలోనే సాగుతుందని చూపించారు. అంతటివారే ఎక్కువ రోజులు నెమ్మదిగా పరుగెత్తుతున్నప్పుడు, రోజంతా కుర్చీలో కూర్చుని లేచిన మనం ప్రతి ఉదయమూ పరీక్ష రాస్తున్నట్లు పరుగెత్తవలసిన అవసరం లేదు.

న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియర్డ్ గురించి నేను నా విద్యార్థులకు తప్పకుండా చెప్పేవాడిని. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలోనూ, ముర్రే హాల్‌బర్గ్ 5,000 మీటర్లలోనూ ఒకే రోజు స్వర్ణాలు గెలిచారు. అటువంటి కోచ్ ఆ తరువాత ఆక్లండ్‌లో మధ్యవయస్కులనూ, గుండెపోటు నుంచి కోలుకున్నవారినీ కూడగట్టి, మాట్లాడుకుంటూ సాగే పరుగును అలవాటు చేశారు. 1962 చివర్లో ఆయనను చూడడానికి వచ్చిన అమెరికన్ కోచ్ బిల్ బవర్‌మన్ ఆ గుంపుతో కలిసి పరుగెత్తి వెనుకబడిపోతే, గుండెపోట్ల నుంచి బయటపడిన డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు వేగం తగ్గించుకుని ఆయనకు తోడుగా వచ్చారు. బవర్‌మన్ స్వదేశానికి తిరిగివెళ్లి ఆ పద్ధతిని తన ఊరి ప్రజలకు నేర్పించారు. మనం ఇప్పుడు జాగింగ్ అంటున్నది అమెరికాలో ఊరూరా వ్యాపించడానికి ఆ ప్రయాణం ఒక ముఖ్య కారణం.

ఆ కుర్రవాళ్ల సంగతి కూడా చెబుతాను. అటువంటివారికి నేను చాలాకాలం శిక్షణ ఇచ్చాను కనుక ఇది తెలిసి చెబుతున్న మాట. అగ్నివీర్ ఎంపికలో పరుగు 1.6 కిలోమీటర్లు, కొన్ని సెకన్ల తేడాతో మార్కులు మారిపోతాయి. వాళ్ల ఉద్యోగం ఆ సెకన్ల మీద ఆధారపడి ఉంది కనుక వాళ్లు అలా పరుగెత్తక తప్పదు. మీరు చేస్తున్నది వేరే పని. వాళ్లలో చాలామంది ఎంపిక ముగిసిన మరునాటి నుంచి మైదానానికి రారు. వాళ్ల వయస్సు మీదాకా వచ్చినప్పుడు కూడా వాళ్లు పరుగెత్తుతూ ఉండాలని మీకు అనిపిస్తే, వాళ్ల కళ్లముందు మీరు ఇలాగే తిరుగుతూ ఉండండి. మైదానంలో లోపలి గీత వాళ్లకు వదిలి బయటి అంచున పరుగెత్తడం మర్యాద, ఎవరూ ఎవరికీ అడ్డురారు.

ప్రస్తుతానికి రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక చొప్పున అరగంట చేయండి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన అమెరికన్ జెఫ్ గాలోవే, 1974 నుంచి కొత్తవారికి ఈ నడక కలిపిన పద్ధతినే నేర్పారు. అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే నడవాలి. వారానికి మూడు రోజులు చాలు. దూరం చూడకండి, సమయం మాత్రమే చూడండి. కొన్ని వారాలపాటు యాప్‌ను ఇంట్లోనే వదిలి రండి.

ఆనందం మొదటినుంచీ ఉంటుందా అని అడిగారు. చాలామందికి ఉండదు. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఇంకొక పది నిమిషాలు పరుగెత్తగలను అన్న ఓపిక మిగలడం మొదలైనప్పటి నుంచి అది వస్తుంది. అందుకే ఓపిక పూర్తిగా అయిపోకముందే ఆపమని చెబుతున్నాను.

రెండవ జవాబు (గుణుపురం, స్టాఫ్ నర్సు)

మాస్టారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నలుగురి చూపు గురించి ఆడవారి వైపు నుంచి కొంత చెప్పాలనిపించింది, ఎందుకంటే మాకు ఆ ఇబ్బంది ఇంకా ముందే, గడప దగ్గరే మొదలవుతుంది. ట్రాక్ ప్యాంటు వేసుకుని వీధిలోకి రావడానికే ఎంతో ధైర్యం కూడగట్టుకోవాలి. మా వార్డులో నాతో పనిచేసే ఇంకొకరు తోడు వచ్చాకే నాకు వంశధార గట్టు వైపు వెళ్లడం అలవాటైంది. ఇద్దరు కలిసి వెళితే చూసేవారు తగ్గుతారని కాదు. మాటల్లో పడి మనం వారిని గమనించడం మానేస్తాం. మాట్లాడుకుంటూ పరుగెత్తడం వల్ల వేగం దానంతట అదే అదుపులో ఉంటుంది, మాస్టారు చెప్పిన పద్యం పరీక్ష మాకు వేరే అవసరం పడలేదు.

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవారు 800 మీటర్లు పరుగెత్తిన తరువాత, ఆ దూరం వారి శరీరానికి తగదని చెప్పి 1960 వరకు దానిని తీసివేశారు. 1967లో బోస్టన్ మారథాన్‌లో నంబరు కట్టుకుని పరుగెత్తుతున్న కాత్రిన్ స్విట్జర్‌ను ఒక నిర్వాహకుడు దారిలోనే పట్టి లాగబోయాడు. ఆమె ఆగకుండా పూర్తి చేశారు. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ 1984లో గానీ రాలేదు. ఇక్కడ నాకు చోటు లేదేమో అని మీరు రాసిన మాట చదివినప్పుడు నాకు ఇదంతా గుర్తుకు వచ్చింది. చోటు లేదని నిబంధనల పేరుతో చెప్పించుకున్నవారే పరుగెత్తి చోటు సంపాదించుకున్నారు. మీ మైదానంలో మిమ్మల్ని ఎవరూ వద్దనలేదు, పైగా నమస్కారం పెడుతున్నారు.

ఆరోగ్య విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తించేవి కొన్ని ఉన్నాయి, వాటిని దయచేసి తేలికగా తీసుకోవద్దు. ఎర్ర రక్తకణాలను కొడవలి ఆకారంలోకి మార్చే సికిల్ సెల్ జన్యువు మన జిల్లాల్లో చాలా కుటుంబాల్లో ఉంది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి మాత్రమే అది వచ్చినవారు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు, తమకు అది ఉందన్న సంగతి కూడా తెలియకపోవచ్చు. కానీ ఎండలో, నీరు తక్కువైనప్పుడు, అలవాటు లేని తీవ్రమైన పరుగు పెడితే అరుదుగా కండరాలు దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద నలభై ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. మీ వయస్సు దాటినా, ఇంట్లో ఎవరికైనా ఉన్నట్లు తెలిస్తే మీరూ పరీక్ష చేయించుకోండి, పిల్లలకూ చేయించండి. ఆ జన్యువు ఉన్నంత మాత్రాన పరుగు మానవలసిన పని లేదు. నెమ్మదిగా పెంచుకోవాలి, నీళ్లు తాగుతూ ఉండాలి, ఎండలో పంతానికి పోకూడదు. నలభై దాటి కొత్తగా మొదలుపెట్టినవారు బీపీ, షుగర్ కూడా చూపించుకోవాలి. పరుగెత్తేటప్పుడు ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి వైద్యుణ్ణి కలవండి.

మలేరియా దోమ పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేవరకు కుడుతుంది. కనుక చీకట్లో మైదానం పక్కన పొదల దగ్గర నిలబడి ఒళ్లు సాగదీసుకునేకంటే, ఆ పని ఇంటికి వచ్చి చేసుకోవడం మంచిది. వేసవిలో మన దగ్గర ఐదుంపావు ప్రాంతానికే సూర్యోదయం అవుతుంది కాబట్టి ఆ నెలల్లో వెలుగు కోసం ఎదురుచూసినా ఆలస్యం కాదు. వేడికి శరీరం అలవాటుపడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో వేగం పడిపోతే మీ సత్తువ తగ్గిందని బెంగపెట్టుకోకండి. పరుగు నుంచి వచ్చాక చోడి అంబలిలో కాస్త మజ్జిగ, ఉప్పు కలుపుకుని తాగితే పొట్టకు తేలిక, చెమటలో పోయిన నీరూ ఉప్పూ తిరిగి వస్తాయి.

మూడవ జవాబు (రాయగడ, రైల్వే ఉద్యోగి)

నాది షిఫ్టు డ్యూటీ. వారం వారం పనివేళలు మారిపోయేవారికి ఉదయం ఐదింటికే లేవాలన్న సలహా పనికిరాదు. నేను గడియారాన్ని పట్టుకోకుండా నిద్రను పట్టుకున్నాను: నిద్ర లేచిన తరువాత గంటలోపు పరుగు, అది ఉదయమైనా మధ్యాహ్నం నాలుగైనా సరే. రాత్రి డ్యూటీ దిగి నేరుగా పరుగుకు వెళ్లను, ముందు పడుకుంటాను. డ్యూటీలు ఒత్తిడిగా ఉన్న వారంలో ఇరవై నిమిషాలు చేసినా దానిని పూర్తి పరుగుగానే లెక్కవేసుకుంటాను.

దారి గురించి: జేకేపూర్ రోడ్డు వద్దు. మజ్జి గౌరమ్మ గుడి దాటి నాగావళి వైపు పొద్దున్నే లారీల బెడద తక్కువ. ఎక్కడైనా సరే కుడివైపున, ఎదురుగా వచ్చే వాహనాలను చూస్తూ పరుగెత్తండి, లేత రంగు చొక్కా వేసుకోండి, చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు.

నాలుగవ జవాబు (కోరాపుట్, ఇంజనీరు)

మాస్టారి మీద గౌరవంతోనే ఒక విషయంలో భిన్నాభిప్రాయం చెబుతున్నాను. యాప్‌ను ఇంట్లో వదిలేయమన్నారు. పరుగెత్తుతున్నంతసేపు దానిని చూడకూడదన్నది నిజమే, కానీ నమోదు మాత్రం జరగనివ్వాలి. నావంటివారికి ధైర్యం ఆ నమోదు నుంచే వచ్చింది. కోరాపుట్‌లో మా కాలనీ నుంచి ఎటు వెళ్లినా ఎక్కుడు దిగుడే. కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు అన్న లెక్కకు ఇక్కడ అర్థం లేదు. కనుక నేను నెలకొకసారి ఒకే దారిలో, ఒకే వేళకు, మాట్లాడగలిగే వేగంలో పరుగెత్తి అప్పటి గుండె వేగాన్ని రాసి పెట్టుకుంటాను. అదే దారికి అదే సమయం పడుతున్నా గుండె వేగం నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. నాలో ఏ మార్పూ లేదని అనుకున్న నెలల్లో కూడా లోపల మార్పు జరుగుతూనే ఉందని ఆ కాగితం చూశాకే నమ్మాను. 220 నుంచి వయస్సు తీసివేస్తే వచ్చే గరిష్ఠ గుండె వేగం మాత్రం ఉజ్జాయింపు లెక్క. ఒకే వయస్సు ఉన్న ఇద్దరి మధ్య పది, పన్నెండు స్పందనలు అటూఇటూ ఉండడం మామూలే. దానిని పట్టుకుని భయపడవద్దు.

వారానికి పది శాతం మించి పెంచకూడదన్న సూత్రం మీరు విని ఉంటారు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్తగా పరుగు మొదలుపెట్టినవారిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఆ సూత్రం ప్రకారం, మరొక జట్టుకు అంతకంటె త్వరగా సాధన పెంచారు. రెండింటిలోనూ ఐదుగురిలో ఒకరికి దెబ్బలు తగిలాయి, తేడా కనిపించలేదు. దీని అర్థం ఎంతైనా పెంచవచ్చని కాదు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో పుంజుకుంటాయి. ఎముకలకూ, కండరాలను ఎముకకు కలిపే స్నాయువులకూ నెలలు పడుతుంది. ఊపిరి బాగానే ఉందని ఉత్సాహపడే రెండో మూడో నెలలోనే మోకాలి కింద ముంగాలి ఎముక నొప్పి మొదలయ్యేది అందుకే. శాతాలకంటె ఆ నొప్పిని గమనించండి. కండరం బరువుగా ఉంటే ఫరవాలేదు. ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే నొప్పి పుడితే మాత్రం ఆగిపోవాలి.

ప్రశ్నించినవారి మాట

అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం పద్యం చెప్పుకుంటూ, నడక కలిపి పరుగెత్తాను. వేగం బాగా తగ్గింది, కానీ అరగంట పూర్తయ్యాక కూడా కాళ్లలో ఓపిక మిగిలింది, ఇది ఇంతకుముందు ఎరుగను. నాగావళి వైపు దారి కూడా చూశాను, బాగుంది. ఇంకొక్క సందేహం. విశాఖలో ఏటా జరిగే నేవీ మారథాన్‌లో 10 కిలోమీటర్ల విభాగం ఉందని మా సహోద్యోగి చెబుతున్నారు. నావంటివారు అటువంటి చోటికి వెళ్లడం తొందరపాటు అవుతుందా? అందరికంటె చివర రావడం గురించి ఆలోచిస్తే కొంచెం బెదురుగానే ఉంది.

మొదటి జవాబు ఇచ్చినవారి ప్రతిస్పందన

బాబూ, తప్పకుండా వెళ్లండి, ఈ ఏడాదే వెళ్లాలన్న నియమం మాత్రం పెట్టుకోవద్దు. నడక కలిపి గంటసేపు హాయిగా తిరగగలిగాక పేరు ఇవ్వండి. రాయగడ నుంచి విశాఖకు నేరుగా రైలు ఉంది; ముందురోజే చేరుకుని రాత్రి నిద్ర సరిగా పోవడం ముఖ్యం. మొదటి కిలోమీటరులో జనం ఉరుకుతారు, మీ పద్యం మీరు చెప్పుకోండి. చివర రావడం గురించి అడిగారు కనుక: ఫౌజా సింగ్ 89 ఏళ్ల వయస్సులో మొదటిసారి లండన్ మారథాన్ పరుగెత్తారు. 2011లో, నూరేళ్ల వయస్సులో, టొరంటోలో మారథాన్ పూర్తి చేయడానికి ఆయనకు ఎనిమిది గంటలకు పైగా పట్టింది. దాదాపు అందరూ ముగించాక ఆయన చేరినా, ఆయన కోసం గీత దగ్గర జనం నిలబడే ఉన్నారు. అంతటి మనిషి 2025 జూలైలో, తన ఊరి దగ్గర రోడ్డు మీద వాహనం ఢీకొని మరణించారు. అందుకే రైల్వే సోదరుడు దారి గురించి చెప్పిన మాటలు మళ్లీ ఒకసారి చదువుకోండి.

ఇంజనీరుగారి సూచన నాకు నచ్చింది. నెలకొకసారి రాసి పెట్టుకోండి, మిగతా రోజుల్లో చూడకండి. పేరు నమోదు చేసేముందు 10 కిలోమీటర్లకు ఎంత గడువు ఇస్తున్నారో ఆ ఏడాది నిబంధనల్లో చూసుకోండి. మీ ఎనిమిదిన్నర నిమిషాల చొప్పున 85 నిమిషాలు అవుతుంది. నడక కలిపితే గంటన్నర దాటుతుంది, ఆ లెక్కతోనే సిద్ధపడండి.